నర్సరీ చెరువులలో భక్షక కీటకాలు: ప్రయోగ ఫలితాల అన్వయం

కార్పు చేపల పెంపకంలో పిల్లల మరణాలు అధికంగా సంభవించేది నర్సరీ దశలోనే. మూడు నాలుగు రోజుల వయసు, 6–8 మిల్లీమీటర్ల పొడవు గల స్పాన్‌ను మట్టి చెరువులలో హెక్టారుకు 30–50 లక్షల చొప్పున వదలి 15–20 రోజులు పెంచుతారు. ఈ వ్యవధిలో వాటికి ముఖ్య శత్రువులు నీటి కీటకాలు. ఒక్కొక్క కీటకం రోజుకు ఎన్ని పిల్లలను తింటుందో తెలుసుకొనేందుకు పరిశోధక విద్యార్థులు ప్రయోగాలు చేస్తుంటారు. అయితే గాజు తొట్టెలో లభించిన సంఖ్యను చెరువులోని కీటకాల సంఖ్యతో గుణించి నష్టాన్ని నిర్ణయిస్తే రైతుకు తప్పు సలహా అందే ప్రమాదమున్నది.

ఆహార స్పందన

1959లో కెనడా శాస్త్రవేత్త హోలింగ్, కళ్లకు గంతలు కట్టిన వ్యక్తి చేత బల్లపై పరచిన గరుకు కాగితపు బిళ్లలను ఏరించి ఈ సంబంధాన్ని సూత్రబద్ధం చేశాడు. బిళ్లల సంఖ్య పెరిగినకొద్దీ ఏరినవి పెరిగాయి. కాని ప్రతి బిళ్లను తీసి పక్కన పెట్టడానికి కాలం పట్టడం వలన ఆ పెరుగుదల క్రమంగా మందగించింది. భక్షక కీటకం కూడా ఎరను పట్టి తినడానికి కొంత కాలం వెచ్చించవలసిందే. రెండవ రకం స్పందనగా పిలిచే ఈ సంబంధంలో ఎర సాంద్రత తగ్గినకొద్దీ తినబడే శాతం పెరుగుతుంది. అనగా, పిల్లలు పలచబడిన చెరువులో మిగిలిన కొద్ది కీటకాలను సైతం ఉపేక్షించరాదు.

ప్రయోగ రూపకల్పన

కీటకాలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. వాటిని సమాన కాలం ఆకలితో ఉంచాలి. ఎర సాంద్రతలను అత్యల్పం నుండి అత్యధికం వరకు తీసుకోవాలి. కీటకం లేని తొట్టెలో సహజ మరణాలను లెక్కించాలి. తినబడిన పిల్లల స్థానంలో కొత్తవాటిని వేయనిచో, ఎర తరుగుదలను పరిగణించే రోజర్స్ సమీకరణాన్ని (1972) వాడాలి. జంతుప్లవకాలు, నీటి మొక్కలు ఉన్న తొట్టెలలో కూడా ప్రయోగాన్ని పునరావృతం చేయాలి. ఇతర ఆహారం, దాగే చోటు లభించినపుడు ఫలితం మారవచ్చు.

శ్వాసక్రియ – నివారణ

ఎన్ని తింటుందనే ప్రశ్నతో పాటు ఎలా శ్వాసిస్తుందనే ప్రశ్న కూడా ముఖ్యమే. వెల్లకిలా ఈదే నోటోనెక్టా, నీటి తేలు, నీటి పెంకుపురుగు గాలి కోసం నీటి ఉపరితలానికి వస్తాయి. అందువలన హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు కలిపిన మిశ్రమాన్ని, పిల్లలను వదలడానికి 12–24 గంటల ముందు, గాలి లేని సమయంలో చల్లితే ఆ పొర కింద ఊపిరాడక అవి మరణిస్తాయి. తూనీగ లార్వా మాత్రం మలాశయంలోని మొప్పల ద్వారా నీటిలోని ఆమ్లజనినే గ్రహిస్తుంది. నూనె పొర దానిని అదుపు చేయజాలదు. చెరువును ఎండగట్టి, సన్నని వల ద్వారా నీరు నింపి, ఆలస్యం చేయక పిల్లలను వదలితే తూనీగ గుడ్లు పొదిగి లార్వాలు ఎదిగేలోగా పిల్లలు కొంత పెరుగుతాయి. గట్ల వెంబడి కలుపును తొలగించడం కూడా అవసరం.

ముగింపు

తొట్టెలోని అంకె భక్షకపు సామర్థ్యాన్ని మాత్రమే తెలుపుతుంది. ఎర సాంద్రత, పరిసరాలు, భక్షకపు శరీరధర్మం – ఈ మూడింటినీ జోడించినపుడే ఆ అంకె రైతుకు ఉపయోగపడే సిఫారసుగా మారుతుంది.