‘ఇంకో టేక్’ అనే మనిషి కావాలి

నేను గాయకుణ్ణి కాను, శ్రోతను. గ్రామఫోను, రేడియో, క్యాసెట్టు, సీడీ అన్నిటిలోనూ విన్నాను; ఇప్పుడు ఫోనులో వింటున్నాను. కుర్రతనం నుంచీ ప్రాణంగా అభిమానించిన గాయకుడు ఒకాయన, డెబ్బై దాటాక, సినిమాతో సంబంధం లేకుండా సొంతంగా ఒక ఆల్బం తెచ్చారు. ఎనిమిది పాటలు. వస్తుందని తెలిసినప్పటి నుంచీ ఎదురు చూశాను. వచ్చాక శ్రద్ధగా విన్నాను. మనసు కష్టపడింది.

ఆయన పేరు చెప్పను. పేరు చెబితే మాట మనిషి మీదికి పోతుంది. నేను మాట్లాడదలచింది పని గురించి. ఇన్నేళ్ల వినికిడిలో నాకు తెలిసిన సంగతులు, ఈ ఆల్బం మరింత గట్టిగా తెలియజెప్పిన సంగతులు, పాడేవాళ్ల కోసమూ వినేవాళ్ల కోసమూ వరసగా రాస్తున్నాను.

1. ప్రైవేటు పాటను చిన్నచూపు చూడొద్దు

సినిమా పాట పాడి పేరు తెచ్చుకున్నవాళ్లు తీరిక వేళల్లో చేసే పని ప్రైవేటు పాట అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అలా లేదు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాల రికార్డులు ఒక తరానికి లలిత సంగీతం రుచి చూపించాయి. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ పద్యాలు చదువు రాని ఇళ్లలోకి కూడా వెళ్లాయంటే ఘంటసాల గొంతే కారణం. విజయవాడ రేడియో భక్తిరంజనిలో బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు ఊరూరా పొద్దుటి పాటలయ్యాయి. 1944లో ‘తహసీల్దార్’ సినిమాకు నేపథ్యగానం చేసిన ఎం.ఎస్. రామారావును ఇవాళ జనం తలచుకునేది సుందరకాండతోనే. సొంత పాట గాయకుడి అసలు సంతకం. అందుకే దాని మీద ఆశ పెట్టుకోవడం అత్యాశ కాదు.

2. గొంతు ముసలిదవడం తప్పు కాదు

వయసు మీద పడితే స్వరతంత్రుల్లో సాగే గుణం తగ్గుతుంది. ఊపిరి చాలదు. పై స్థాయి అందదు, పట్టి నిలిపిన స్వరం వణుకుతుంది. ఎంతటివారికైనా ఇది తప్పదు. దీన్ని తప్పుగా లెక్కగట్టేవాడు శ్రోతే కాదు.

ఘంటసాల భగవద్గీత వినండి. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో పాడారు. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక రికార్డు విడుదలైంది. 1951 నాటి ‘పాతాళభైరవి’ గొంతులోని పడుచుదనం అందులో లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. శ్లోకం తర్వాత తాత్పర్యం, ఆ తాత్పర్యం ముందు చిన్న ఆగుడు, ఎక్కడా తొందర లేని నడక. చేతిలో మిగిలిన గొంతుకు తగినట్టుగా పాటను మలుచుకున్న పెద్దరికం అది. మొన్నటి ఆల్బంలో నాకు కనిపించనిది సరిగ్గా అదే.

3. శ్రుతి దించుకుంటే పరువు పోదు

ఆల్బంలో రెండో పాట చరణంలో ఒకచోట తారషడ్జం దాటి పైకి వెళ్లాలి. ముప్పై ఏళ్ల కిందట ఆయన అలాంటి చోట ఒక్క ఊపిరిలో ఎక్కి, నిలిచి, తీరిగ్గా దిగేవారు. ఇప్పుడు ఎక్కారు గాని, నిలవలేదు. మాటలో చివరి అక్షరం నోట్లోనే ఉండిపోయి, ఆ జాగాలో వయొలిన్ల గుంపు వచ్చి కప్పేసింది. శ్రుతి ఒక మెట్టు, కాకపోతే రెండు మెట్లు దించుకుని ఉంటే ఆ మాట పూర్తిగా వినబడేది.

కచేరీ వేదికల మీద పెద్ద గాయకులు పాత పాటల శ్రుతి తగ్గించుకుని పాడటం మామూలే. వినేవాళ్లు ఎవరూ కొలబద్ద పట్టుకుని కూర్చోరు. పాటలో మాట ఎగిరిపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

4. యంత్రం శ్రుతిని దిద్దుతుంది, గమకాన్ని చంపుతుంది

1997లో ఆటోట్యూన్ వచ్చింది. గాయకుడు స్వరం తప్పినా దాన్ని దగ్గరి స్వరస్థానానికి లాగి నిలబెడుతుంది. హద్దుల్లో వాడితే ఉపకారమే. మన సంగీతంలో చిక్కేమిటంటే, స్వరం నిలకడగా ఉండటం అన్ని రాగాల్లోనూ మంచి గుణం కాదు.

దర్బారీ కానడ తీసుకోండి. అందులో గాంధారం మెల్లగా ఊగాలి. ఆ ఊపులోనే రాగం ఉంది. 1961లో ‘జగదేకవీరుని కథ’కు పెండ్యాల నాగేశ్వరరావు ఆ రాగంలో కట్టిన పాటలో ఘంటసాల ఆ గాంధారాన్ని ఎలా ఊపారో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఈ ఆల్బంలో ఐదో పాట కూడా ఆ రాగమే. గాంధారం దగ్గరకు వచ్చేసరికి ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. పైగా రెండు పంక్తుల మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు, కత్తిరించేశారు. ఊపిరి పీల్చుకోని మనిషి పాట వింటుంటే నాకు చాలా కష్టమనిపించింది. ఆ ఊగే గాంధారం కోసం ఆయన యవ్వనమంతా సాధన చేశారు. దాన్ని మిక్సింగ్ గదిలో చెరిపేయనివ్వకూడదు.

5. పాట ఒక్కరిది కాదు

ఆల్బం అట్ట మీద రచన, స్వరకల్పన, గానం, నిర్మాణం నాలుగూ ఒక్క పేరే. అది చూడగానే నాకు దిగులేసింది, వినగానే నిజమైంది. వరసలన్నీ ఆయన పూర్వం పాడిన పాటల్నే గుర్తుచేస్తాయి. సాహిత్యంలో ప్రాసలు కుదిరాయి గాని భావం నిలబడలేదు.

ఇన్నాళ్లూ మనం ‘ఆయన పాట’ అన్న ప్రతి పాట వెనుకా ఒక కవి ఉన్నాడు. ఆ కవి మాటకు సరిపడే వరస వెతికిన సంగీత దర్శకుడు ఉన్నాడు. ఫ్లూటు ఎక్కడ రావాలో, తబలా ఎక్కడ ఆగాలో రాసిపెట్టిన సహాయకుడు ఉన్నాడు. రేడియోలో లలిత సంగీతం బతికిందీ ఇలాగే: దేవులపల్లి కృష్ణశాస్త్రి లాంటి కవి రాస్తే, పాలగుమ్మి విశ్వనాథం లాంటివారు బాణీ కడితే, మంచి గొంతు పాడేది. రచన, బాణీ, గానం ఒక్కరే చేసి మెప్పించిన బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివారు ఉన్నారు, కాదనను. అది అరుదైన ప్రజ్ఞ. గొప్పగా పాడగలిగినంత మాత్రాన ఆ ప్రజ్ఞ దానంతటది రాదు.

6. ‘ఇంకో టేక్’ అనేవాళ్లు పక్కన ఉండాలి

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఇది.

మద్రాసు స్టూడియోల్లో ఒకప్పుడు గాయకులూ వాద్యకారులూ ఒకేసారి పాడి వాయించేవారు. ఎవరు తప్పినా పాట మళ్లీ మొదటి నుంచే. అద్దం అవతల సంగీత దర్శకుడు చెవులు రిక్కించి కూర్చునేవాడు. ‘బాగుంది, ఇంకో టేక్ చేద్దాం’ అనేవాడు. ఆ మాట కొత్తవాళ్లకే కాదు, పెద్ద పెద్ద గాయకులకూ తప్పేది కాదు. కవి దగ్గరుంటే ‘ఆ ఒత్తు పలకలేదు’ అనేవాడు. గాయకుడు మారు మాట్లాడకుండా మళ్లీ మైకు ముందుకు వెళ్లేవాడు. మనం దాచుకున్న పాటలన్నీ అలా గట్టెక్కినవే.

వయసు పెరిగి పేరు పెరిగేకొద్దీ ఆ మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. సాటివాళ్లు పోతారు, గురువులు పోతారు. చుట్టూ మిగిలేది కాళ్లకు దండం పెట్టేవాళ్లు. మిక్సింగ్ దగ్గర కూర్చున్న కుర్రాడికి ఎక్కడ శ్రుతి జారిందో స్పష్టంగా తెలుసు, చెప్పే ధైర్యం ఉండదు. అంతటి గాయకుడికి నేను చెప్పేదేమిటి అని మీట నొక్కి సరిచేసేస్తాడు. ఆ క్షణంలో ఆ పెద్దాయనకు దక్కాల్సిన మర్యాద దక్కకుండా పోయింది. ఎందుకంటే ఆయన ఇంకో టేక్ పాడగలరు. ఎవరైనా అడిగి ఉంటే తప్పకుండా పాడేవారు.

అందుకే పేరున్న గాయకులందరికీ నా విన్నపం: ఆల్బం మొదలుపెట్టే ముందు, మీకు అడ్డు చెప్పగల మనిషిని ఒకరిని వెతికి పక్కన కూర్చోబెట్టుకోండి. వయసులో చిన్నవాడైనా సరే. ఆ అధికారం మీరే నోరు తెరిచి ఇవ్వాలి, అతనంతట అతను తీసుకోడు.

7. తీసేయడం కూడా పనే

78 ఆర్‌పీఎం ప్లేటుకు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ఆ కాస్తలో పల్లవి, చరణాలు, వాద్యగోష్ఠి సర్దాలి. అనవసరమైనది దానంతటదే రాలిపోయేది. ఇవాళ కొలతలు లేవు కాబట్టి ఒక్కో పాట ఎనిమిది నిమిషాలు నడుస్తోంది. ఈ ఆల్బంలో మూడు పాటలు తీసేసి, మిగిలినవాటిలో పునరుక్తి తగ్గిస్తే సగం అసంతృప్తి తీరిపోయేది.

8. కొత్త పాఠం చెప్పించుకునే వయసు దాటిపోదు

1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’ పాడారు. ఐదు ఎల్.పి. రికార్డులు. అప్పటికి ఆవిడకు అరవై దాటాయి. దేశమంతా తెలిసిన పేరు. పాత కీర్తనలే మళ్లీ పాడి ఇచ్చినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆవిడ అలా చేయలేదు. అన్నమయ్య సంకీర్తనలను, తన మాతృభాష కాని భాషలో, నేదునూరి కృష్ణమూర్తి లాంటి విద్వాంసుల దగ్గర పాఠంగా చెప్పించుకుని మరీ పాడారు. ఆ రికార్డులు ఇవాళ్టికీ గుళ్లలో, ఇళ్లలో మోగుతున్నాయి. నా అభిమాన గాయకుడి ఆల్బంలో కొత్త రాగం లేదు, కొత్త కవి లేడు, కొత్తగా నేర్చుకున్నది ఒక్కటీ లేదు. ఆయనకు చేతకాక కాదు, అడిగినవాళ్లు లేక.

9. మిగిలినదాన్ని గుర్తించాలి

ఆల్బం మొత్తం పనికిరాదని నేను అనను, ఆ మాట అబద్ధమవుతుంది. చివరి పాట వినండి. తంబురా, ఒక్క వీణ, అంతే. శ్రుతి కిందికి దించారు. వయొలిన్ల గుంపు లేదు, కోరస్ లేదు. గొంతులో జీర వినబడుతుంది. రెండో చరణంలో ‘అమ్మ’ అనే మాట దగ్గర స్వరం కొంచెం వణికింది. ఆ వణుకును ఎవరూ దిద్దలేదు. ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. పాతికేళ్ల వయసులో ఆయన ఈ పాట ఇంత బాగా పాడగలిగేవారు కారు. అప్పటి గొంతులో ఇంత బతుకు లేదు. ఎనిమిది పాటలూ ఇలా ఉండాల్సింది. నా నిరాశకు అసలు కారణం ఈ చివరి పాటే. ఆయన దగ్గర ఇంకా ఏముందో అది చూపించింది, మిగతా ఏడూ దాన్ని దాచిపెట్టాయి.

10. అభిమాని భజన చేయకూడదు, వెక్కిరించకూడదు

ఆల్బం వచ్చాక రెండు రకాల మాటలు విన్నాను. ఒకటి, ‘అద్భుతం, అమోఘం’. రెండోది, ‘ముసలాయనకు ఇంకా ఎందుకండీ’. రెండూ పాట పూర్తిగా వినకుండా అన్నవే. మొదటిది ఆయన్ను ఒంటరిని చేస్తుంది, రెండోది గాయపరుస్తుంది.

తప్పు ఎలా చెప్పాలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ‘పాడుతా తీయగా’లో మనందరి ముందూ చేసి చూపించారు. 1996లో ఈటీవీలో మొదలైన ఆ కార్యక్రమంలో ఆయన ముందు పిల్లవాడి గొంతులోని మంచిని చెప్పేవారు. తర్వాత ఏ అక్షరం సరిగా పలకలేదో, ఏ సంగతి జారిందో చెప్పి, తానే పాడి చూపించేవారు. పిల్లలకు ఇచ్చిన ఆ గౌరవం పెద్దలకూ ఇవ్వాలి. మెచ్చుకోలు మాత్రమే ఇచ్చి ఊరుకోవడం గౌరవం కాదు.

నేను ఆ గాయకుడికి ఉత్తరం రాశాను. ఏ పాటలో ఏది బాధపెట్టిందో రాశాను, చివరి పాట నాకు ఎంత ఇచ్చిందో రాశాను. అలాంటివే పది పాటలు, తక్కువ శ్రుతిలో, మంచి కవి చేత రాయించుకుని పాడమని వేడుకున్నాను.

మీకూ అలాంటి గాయకుడో గాయనో ఉంటారు. వాళ్ల కొత్త పాట వస్తే రెండుసార్లు వినండి. నచ్చితే ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో మర్యాదగా, వివరంగా వాళ్లకే చెప్పండి. వాళ్లు ఉన్నప్పుడే చెప్పండి. అద్దం అవతల కూర్చుని ‘ఇంకో టేక్’ అన్నవాళ్లు ఇవాళ లేరు. ఆ పని ఇక మనదే.