గడియారానికి గడియారమే సాక్షి

ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ కవితలు, కథలు, హాస్టలు జ్ఞాపకాలు బాగానే వస్తున్నాయి. లెక్కల పాఠాలు మాత్రం తక్కువ. అందుకని ఈసారి ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ చదివే తమ్ముళ్లను దృష్టిలో పెట్టుకుని మేము ఒక పాఠమే రాస్తున్నాం. కూడిక, తీసివేత, సగటు, వర్గమూలం వస్తే చాలు. అంతకు మించిన గణితం ఇందులో లేదు.

సెల్‌ఫోనులో దారి చూపించే జీపీఎస్ గానీ, మన ఇస్రో వారి నావిక్ గానీ దూరాన్ని కొలిచేది కాలంతోనే. ఉపగ్రహం తన గడియారం ప్రకారం ఫలానా క్షణంలో పంపానని చెబుతూ ఒక సంకేతం పంపుతుంది. అది మన చేతిలోని రిసీవరుకు ఎప్పుడు చేరిందో చూసి, మధ్యలో పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. కాంతి సెకనుకు 29,97,92,458 మీటర్లు పోతుంది. అంటే సెకనులో వంద కోట్లవ వంతయిన నానోసెకనులో సుమారు 30 సెంటీమీటర్లు. ఉపగ్రహంలోని గడియారం మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు తప్పితే చాలు, ఆ దూరం 300 మీటర్లు తప్పుతుంది. ఇంత తేడాను పట్టించుకునేవి అణు గడియారాలే. సీజియం పరమాణువు నుంచి వచ్చే తరంగం 919,26,31,770 సార్లు కంపిస్తే ఒక సెకను అని 1967లో ప్రపంచ దేశాలు ఒప్పుకున్నాయి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఉపగ్రహంలోని గడియారాన్ని కింద నుంచి ఎవరో నిమిషనిమిషానికీ తిప్పి సరిచేస్తూ ఉంటారని అనుకుంటారు. అలా చేయరు. గడియారం తన దారిన తాను నడుస్తుంది. గ్రౌండ్ స్టేషన్లు దాన్ని చూస్తూ మూడు అంకెలు లెక్కగడతాయి: ఇప్పుడు ఎంత తేడా ఉంది, ఆ తేడా ఏ వేగంతో మారుతోంది, ఆ వేగం ఎలా మారుతోంది. ఈ మూడింటినీ ఉపగ్రహానికి పంపితే అది సంకేతంతో పాటు వాటిని కూడా ప్రసారం చేస్తుంది. మన ఫోను వాటితో తప్పును సరిచేసుకుంటుంది. మళ్లీ కొత్త అంకెలు వచ్చే వరకు పాత అంకెలే దిక్కు. కాబట్టి గడియారం తప్పు చూపించడం పెద్ద నేరం కాదు. రేపు ఎంత తప్పు చూపిస్తుందో ఈరోజే చెప్పలేకపోతే మాత్రం చిక్కు.

దీనికి మన హాస్టలు ఉదాహరణే చాలు. మెస్‌లో గోడ గడియారం ఒకటి ఉందనుకుందాం. అది రోజుకు 300, 300, 301, 300, 299 సెకన్లు వెనకబడుతోంది. ఐదు రోజుల్లో 1500 సెకన్లు, అంటే 25 నిమిషాలు. వార్డెన్ సారు చేతి గడియారం మాత్రం ఒకరోజు 20 సెకన్లు ముందుకు, మర్నాడు 35 వెనక్కి, తర్వాత 50 ముందుకు, 10 వెనక్కి, 40 వెనక్కి పోయింది. ఐదు రోజుల తర్వాత మొత్తం తేడా 15 సెకన్లే. ఏది మంచిది? అందరూ సారు గడియారమే అంటారు (అనకపోతే బాగుండదు కూడా). కానీ ఉపగ్రహానికి పనికొచ్చేది మెస్ గడియారమే.

దాన్ని అంకెల్లో చూపే పద్ధతిని అమెరికాలోని బౌల్డర్‌లో పనిచేసిన డేవిడ్ ఆలన్ 1966లో ప్రచురించాడు. దాన్ని ఆలన్ వేరియన్స్ అంటారు. ఒక రోజు తేడాకూ మర్నాటి తేడాకూ మధ్య మార్పు తీసుకోవాలి. ఆ మార్పులను వర్గం చేసి, సగటు తీసి, సగం చేయాలి. మెస్ గడియారం మార్పుల పరిమాణాలు 0, 1, 1, 1. వర్గాల మొత్తం 3, సగటు 0.75, సగం 0.375, వర్గమూలం సుమారు 0.6 సెకను. సారు గడియారం మార్పులు 55, 85, 60, 30. వర్గాల మొత్తం 14,750. అదే పద్ధతిలో చివరికి వచ్చేది సుమారు 43 సెకన్లు. తమ్ముళ్లు ఈ రెండో లెక్క పూర్తిగా చేసి చూడాలి.

అణు గడియారాలకూ ఇదే లెక్క. కాకపోతే ఒక్క రోజుకే చేసి ఊరుకోరు. ఒక సెకను, వంద సెకన్లు, గంట, రోజు, నెల అని వ్యవధి మార్చి గ్రాఫు గీస్తారు. ఒక్కో గడియారానికి ఒక్కో గుణం ఉంటుంది. హైడ్రోజన్ మేజర్ అనే గడియారం కొన్ని గంటల నుంచి రోజు వరకు చాలా నిలకడగా ఉంటుంది. నెలల తరబడి పక్కకు జరగకుండా ఉండడంలో సీజియం గొప్ప. అందుకే బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న నావిక్ టైమింగ్ కేంద్రంలో రెండు రకాలూ పెట్టారు. గడియారం నిలకడ రోజుకు 10,000 కోట్లలో ఒక వంతు అనుకుంటే, 86,400 సెకన్లలో అది తప్పేది సుమారు 864 నానోసెకన్లు, అంటే 259 మీటర్లు. ఎందుకూ చాలదు. ఇంకా పదివేల రెట్లు మెరుగైతే 2.6 సెంటీమీటర్లు.

మరి గ్రౌండ్ స్టేషనులో గడియారమే చెడిపోతే? పాఠంలో మాకు బాగా నచ్చిన భాగం ఇదే. స్టేషను తన గడియారంతో ఉపగ్రహం దూరాన్ని కొలుస్తుంది. ఉపగ్రహం ఉన్న చోటు, స్టేషను ఉన్న చోటు ముందే తెలుసు కనుక అసలు దూరం లెక్కలో వస్తుంది. కొలిచినదాంట్లోంచి దాన్ని తీసేయాలి. గాలి వల్ల, పైన ఉన్న అయనోస్ఫియర్ వల్ల కలిగే ఆలస్యాన్నీ తీసేయాలి. మిగిలేది రెండు గడియారాల మధ్య తేడా. ఈ మిగులు ఒక్క ఉపగ్రహానికే పెరిగి, అన్ని స్టేషన్లలోనూ అలాగే కనిపిస్తే దోషి ఆ ఉపగ్రహం. ఒకే స్టేషనులో అన్ని ఉపగ్రహాలకూ ఒకేసారి ఒకే మోతాదులో పెరిగితే దోషి ఆ స్టేషను. అప్పుడు కూడా ముందు అనుమానించాల్సింది గడియారాన్ని కాదు, గదినీ కేబులునూ. మీటరు కేబులులో సంకేతానికి నాలుగైదు నానోసెకన్లు పడుతుంది. వేడికి అది కూడా మారుతుంది. గదిలో వేడి పగలు పెరిగి రాత్రి తగ్గితే గ్రాఫులో 24 గంటల అల కనిపిస్తుంది.

ఈ కాపలా తప్పితే ఏమవుతుందో 2004 జనవరి 1న తేలింది. ఒక పాత జీపీఎస్ ఉపగ్రహంలో రుబిడియం గడియారం పాడై, దూరం లెక్క వందల కిలోమీటర్లు తప్పే దాకా పోయింది. ఆ ఉపగ్రహాన్ని వాడవద్దని ప్రకటించడానికి దాదాపు మూడు గంటలు పట్టింది. విమానం దిగేటప్పుడు ఇలాంటిది సెకన్లలో తెలియాలి. విచిత్రమేమిటంటే 2016 జనవరిలో అదే ఉపగ్రహాన్ని సేవల నుంచి తప్పించినప్పుడు కింది సాఫ్ట్‌వేరులో లోపం బయటపడి, జీపీఎస్ ప్రసారం చేసే ప్రపంచ కాలంలో 13 మైక్రోసెకన్ల తేడా వచ్చింది. ఇక యూరప్ వారి గెలీలియోకు 2019 జులైలో వారం రోజుల పాటు సేవలు ఆగాయి. అప్పుడు పైన ఉపగ్రహాలు బాగానే ఉన్నాయి. కాలాన్నీ కక్ష్యనూ లెక్కగట్టే కింది కేంద్రాల్లోనే లోపం.

మన దేశానికీ దెబ్బ తగిలింది. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన మొదటి నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్ఎన్ఎస్ఎస్-1ఎలో విదేశాల నుంచి కొన్న మూడు రుబిడియం గడియారాలూ 2016లో పోయాయి. ఉపగ్రహం బతికే ఉంది, కానీ స్థానం చెప్పడానికి పనికిరాలేదు. దాని బదులు 2017 ఆగస్టు 31న పంపినది ఉష్ణ కవచం విడిపోక వృథా అయింది. 2018 ఏప్రిల్ 12న మరొకటి పంపారు. అహ్మదాబాదులోని ఇస్రో కేంద్రంలో తయారైన రుబిడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01లో పైకి వెళ్లింది. కొన్న గడియారం చెడితే కింద కూర్చుని చూడడమే మిగులుతుంది. చేసుకున్న గడియారం చెడితే ఎందుకు చెడిందో విప్పి చూసే వాళ్లు మనలోనే ఉంటారు. ఆ పనిలోకి మన హాస్టలు పిల్లలూ వెళ్లాలని మా ఆశ.

చివరిగా ఒక లెక్క. రెండు గడియారాలు పోట్లాడుకుంటే తప్పు ఎవరిదో తేలదు, కనీసం మూడు కావాలి. ఎ, బి, సి అని మూడు గడియారాలను ఐదు రోజులు పోల్చారు. తేడాలు నానోసెకన్లలో ఇవి. ఎ, బి ల మధ్య: 10, 12, 14, 16, 18. బి, సి ల మధ్య: 40, 43, 41, 47, 44. ఎ, సి ల మధ్య: 50, 55, 55, 63, 62. నిలకడ లేనిది ఏది? అది తేలాక రెండో ప్రశ్న: ఎ, బి ల మధ్య రోజుకు 2 నానోసెకన్లు పెరుగుతున్నది ఎ ముందుకు పోతున్నందుకా, బి వెనకబడుతున్నందుకా? ఈ అంకెలతో అది చెప్పగలమా, లేక బయటి నుంచి నాలుగో గడియారం తెచ్చుకోవాలా?