విదేశీ విక్రేతల నుండి నేరుగా కొనుగోలు: లాభనష్టములు

పోటీ పరీక్షల ప్రత్యేకం

దిగుమతిదారుని ప్రమేయము లేకయే, అంతర్జాలము ద్వారా మూల్యమును చెల్లించి, పరదేశపు విక్రేత నుండి వస్తువును తపాలాలో గాని కొరియరులో గాని తెప్పించుకొనుట నేడు ప్రబలిన వాణిజ్య పద్ధతి. స్వదేశ విపణిలో లభింపని గ్రంథములు, విడిభాగములు, పరికరములు చేతికందుటయు, మధ్యవర్తుల లాభము తొలగి వెల తగ్గుటయు దీనివలని ప్రయోజనములు.

అయితే ప్రకటిత ధరయే తుది ధర యని భ్రమించుట తగదు. 1962 నాటి కస్టమ్స్ చట్టము ననుసరించి వస్తువు వెలకు రవాణా, బీమా వ్యయములను చేర్చి, ఆ మొత్తముపై సుంకము గణింతురు. దానికి సాంఘిక సంక్షేమ సర్‌చార్జి, ఐజీఎస్టీ తోడగును. నకిలీ సరకు వచ్చుట, హామీ మన దేశమున చెల్లకపోవుట, తిప్పిపంపు వ్యయము వెలను మించుట మొదలైన కష్టములును కలవు. నిషిద్ధ వస్తువైనచో అధికారులు స్వాధీనము చేసికొందురు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కొనుగోలుదారుడు తన నివాస ప్రాంతముననే ఫిర్యాదు చేయుటకు హక్కు నొసగినది. కాని ఇచటి తీర్పును సముద్రముల కావలనున్న విక్రేతపై అమలుపరచుట దుష్కరము. కావున ధనము చెల్లింపకముందే విక్రేత విశ్వసనీయతను, సుంకమును, వాపసు నిబంధనలను విచారించుకొనుటయే వివేకవంతుని లక్షణము.

గుర్తుంచుకొనదగినవి

• కస్టమ్స్ టారిఫ్ చట్టము: 1975
• విదేశీ మారక నిర్వహణ చట్టము (ఫెమా): 1999
• సాంఘిక సంక్షేమ సర్‌చార్జి ప్రారంభము: 2018
• వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమములు: 2020, భారతీయులకు క్రమబద్ధముగా విక్రయించు విదేశీ సంస్థలకును వర్తించును.
• డ్రోన్ల దిగుమతిపై నిషేధము: 2022 ఫిబ్రవరి (కొన్ని మినహాయింపులతో)