పాడైన లాప్‌టాప్: ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కడ ఆగాలి?



కిందటి సంవత్సరం ఒక సోమవారం ఉదయం, పదో తరగతి వాళ్ళకు కాంతి వక్రీభవనం బొమ్మలు చూపిద్దామని లాప్‌టాప్ తెరిచాను. మీట నొక్కాను. వెలగలేదు. మళ్ళీ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మా బడికి ఉన్న లాప్‌టాప్ అదొక్కటే.

వెంటనే తరగతిలో వైద్యులు బయలుదేరారు. "బ్యాటరీ పోయింది సార్" అన్నాడు ఒకడు. "వైరస్ వచ్చి ఉంటుంది సార్" అంది మరో అమ్మాయి. సాయంత్రం బజారులో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్ళి సంగతి చెప్పాను. ఆయన దాన్ని తెరిచి చూడకుండానే, "మదర్‌బోర్డు పోయి ఉంటుందండీ. ఏడు వేల దాకా అవుతుంది. వదిలి వెళ్ళండి" అన్నాడు. ఏడు వేలు పెడితే మా ప్రయోగశాలకు ఏడాదికి సరిపడా సామాను వస్తుంది. "రేపు చెబుతాను" అని లాప్‌టాప్ వెనక్కి తెచ్చేశాను.

ముగ్గురూ చెప్పినవి ఊహలే. ఊహించడం తప్పు కాదు. విజ్ఞానశాస్త్రం మొదలయ్యేదే ఊహతో. కాని పరీక్షించని ఊహకు డబ్బు చెల్లించడం మాత్రం తప్పే. మరి ఎలా పరీక్షించాలి?

విద్యుత్తు దారి వెంట వెళ్దాం

పొలానికి నీరు రాకపోతే రైతు ఏం చేస్తాడు? తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడుస్తాడు. నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో చూస్తాడు. మనమూ అలాగే చేద్దాం. గోడలోని ప్లగ్గు నుంచి అడాప్టరుకు, అక్కడి నుంచి లాప్‌టాప్‌కు విద్యుత్తు వెళ్తుంది.

మర్నాడు పిల్లలతో కలిసి ఈ దారినే పట్టాను. మొదట ప్లగ్గు. అందులో ఫోను చార్జరు పెడితే ఫోను చార్జింగు అయింది. కనుక ప్లగ్గు బాగానే ఉంది.

తరువాత అడాప్టరు. దాని మీది చీటీ చదవండి. మా అడాప్టరు మీద, తీసుకునేది 100 నుంచి 240 వోల్టుల ఏకాంతర విద్యుత్తు అనీ, ఇచ్చేది 19 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, 3.42 ఆంపియర్లు అనీ ఉంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీకు తెలుసు. 19 × 3.42 అంటే సుమారు 65 వాట్లు.

మల్టీమీటరును 200 వోల్టుల డి.సి. దగ్గర ఉంచి, ఎర్ర తీగ మొనను గుండ్రటి పిన్ను లోపల, నల్ల తీగ మొనను బయటి లోహానికి ఆనించాం. 19 చూపాలి. సున్నా చూపింది! పిన్ను దగ్గర తీగ మడత పడే చోటును కొంచెం కదిలించాం. ముల్లు ఒక్క క్షణం 19కి ఎగిరి, మళ్ళీ సున్నాకు పడిపోయింది.

దొంగ దొరికాడు! రోజూ చుట్టి చుట్టి పెట్టడం వల్ల లోపలి రాగి తీగ తెగిపోయింది. శనివారం అడాప్టరు పెట్టే పాఠం చెప్పాను. కాని లాప్‌టాప్ నడిచింది బ్యాటరీ మీదనే. అది కాస్తా ఖాళీ అయింది. చార్జింగు దీపం వెలగలేదన్న సంగతి నేనే గమనించలేదు.

అయినా రుజువు ఇంకా పూర్తి కాలేదు. తోటి ఉపాధ్యాయుడి దగ్గర అదే రకం అడాప్టరు తెచ్చి పెట్టాం. దీపం వెలిగింది, లాప్‌టాప్ తెరుచుకుంది. ఒకసారికి ఒక్క వస్తువునే మార్చాలి. రెండు మారిస్తే దోషం ఏ రెండింటిలో ఉందో తెలియదు. కొత్త అడాప్టరుకు 1,100 రూపాయలయింది. దుకాణదారు మోసం చేశాడని నేననను. పరీక్షించకుండా చెప్పాడు, అంతే.

అడాప్టరు మార్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు. ఎందుకంటే లాప్‌టాప్ తనకు కావలసినంత ప్రవాహాన్నే తీసుకుంటుంది. సి-టైప్ పిన్ను ఉన్న కొత్త అడాప్టర్లను మాత్రం మనలా కొలవడం కుదరదు. అవి లాప్‌టాప్‌తో సంకేతాలు మార్చుకున్న తరువాతే ఎక్కువ వోల్టేజి ఇస్తాయి.

అడాప్టరును మాత్రం ఎన్నడూ పగలగొట్టి చూడకండి. 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు శిఖర విలువ సుమారు 325 వోల్టులు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో ఆ ఆవేశం కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

తెర నల్లగా ఉంటే?

ఫ్యాను శబ్దం వినిపిస్తుంది, తెర మీద ఏమీ కనిపించదు. అప్పుడు గది చీకటి చేసి, తెర మీదికి టార్చిలైటు ఏటవాలుగా వేయండి. మసకగా బొమ్మ కనిపించిందా? అయితే తెర పనిచేస్తూనే ఉంది, దాని వెనకనుండే దీపమే వెలగడం లేదు. ద్రవస్ఫటికాల తెర తనంత తాను వెలుగునివ్వదు. వెనక నుంచి వచ్చే వెలుగును ఆపడం, వదలడం మాత్రమే చేస్తుంది. బొమ్మ అసలే కనిపించకపోతే, కేబులుతో టి.వి.కి కలిపి చూడండి. అందులో బొమ్మ వస్తే మదర్‌బోర్డు పనిచేస్తున్నట్లే.

పది నిమిషాలు నడిచి ఆగిపోతే?

పక్క సందుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి సరిగా రావడం లేదా? దుమ్ము పట్టి ఉంటుంది. ప్రాసెసరు వేడిని లోహపు రేకులు గ్రహిస్తే, ఫ్యాను ఆ వేడిని బయటికి తోస్తుంది. రేకుల మధ్య దుమ్ము నిండితే గాలి ఆడదు. వేడి మితిమీరితే లాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఆపివేసి, ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో సందులు శుభ్రం చేయండి. పరుపు మీద పెట్టి వాడకండి.

ఇక్కడ ఆగండి!

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇప్పుడు చెబుతాను. మా అడాప్టరు కథ జరిగిన నెలకే, ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఇంటి నుంచి వాళ్ళ అన్నయ్య పాత లాప్‌టాప్ తెచ్చాడు. వేళ్ళతో రాసే పలక పైకి ఉబ్బి ఉంది. "లోపల ఏదో అడ్డుపడింది సార్, తీసేద్దాం" అంటూ స్క్రూడ్రైవరు మొన సందులో దూర్చబోయాడు. చప్పున చెయ్యి పట్టుకున్నాను. అడ్డుపడింది మరేదో కాదు, ఉబ్బిన బ్యాటరీ!

లిథియం అయాన్ బ్యాటరీ 1991లో బజారులోకి వచ్చింది. దాని రూపకల్పనకు గూడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అందులో ధన, రుణ పలకల మధ్య కాగితం కన్నా పలుచని పొర ఒకటి అడ్డుగా ఉంటుంది. చుట్టూ ఉండే విద్యుద్విశ్లేష్యం మండే స్వభావం గలది. బ్యాటరీ పాతబడినా, అతిగా వేడెక్కినా ఈ ద్రవం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. అందుకే ఉబ్బుతుంది. మొన గుచ్చుకుని పొర చిరిగితే పలకలు రెండూ తగిలి లఘువలయం ఏర్పడుతుంది. వేడి పుడుతుంది. ఆ వేడికి చర్యలు వేగవంతమై ఇంకా వేడి పుడుతుంది. క్షణాల్లో మంటలు లేస్తాయి.

కాబట్టి ఉబ్బిన బ్యాటరీని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగు పెట్టకండి. లాప్‌టాప్‌ను ఆపి, కాలే వస్తువులకు దూరంగా పెట్టి, పెద్దలకు చెప్పండి. మరమ్మతు కేంద్రంలోనే మార్పించండి. పాత బ్యాటరీని చెత్తకుండీలో వేయకూడదు. వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారులపై ఉంచాయి.

టీ, నీళ్ళు ఒలికినా మనం ఆగవలసిందే. ప్లగ్గు తీసి, మీట నొక్కి పట్టి ఆపివేసి, బోర్లించండి. "పనిచేస్తోందా?" అని మళ్ళీ నొక్కి చూడకండి. బియ్యంలో పెట్టినా లాభం లేదు. నీళ్ళలోని లవణాలు లోపలే మిగిలి లోహాన్ని తినేస్తాయి.

స్క్రూ విప్పనవసరం లేని పరీక్షలు మీవి. విప్పవలసినవి పని తెలిసినవారివి. దుకాణానికి వెళ్ళేముందు, లాప్‌టాప్ తెరుచుకుంటున్నట్లయితే మీ ఫైళ్ళన్నీ వేరేచోట నకలు తీసుకోండి. మీరేం పరీక్షించారో, ఏం గమనించారో కాగితం మీద రాసి ఇవ్వండి. ఖర్చు ముందే రాయించుకోండి. మార్చిన పాత భాగం చూపించమని అడగండి.

ఆ కుర్రాడి లాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేయించారు. ఇప్పుడు వాడు తరగతిలో ఎవరు ఏ వస్తువు పాడైందన్నా, "ముందు దారి చూద్దాం రా" అంటున్నాడు.

ఆలోచించండి

1. మీ లాప్‌టాప్‌కు 19 వోల్టులు, 3.42 ఆంపియర్ల అడాప్టరు కావాలి. ఇంట్లో 19 వోల్టులు, 2.37 ఆంపియర్లది ఒకటి, 19 వోల్టులు, 4.74 ఆంపియర్లది ఒకటి ఉన్నాయి. ఏది వాడతారు? ఎందుకు?

2. మీ ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. విద్యుత్తు వచ్చే దారిని గీయండి. స్క్రూ విప్పకుండా ఏయే చోట్ల పరీక్షించగలరో గుర్తించండి.