తుక్కు హార్డ్ డిస్క్‌తో ఇంటర్వ్యూకి

బరంపురంలో మెకానికల్ డిప్లొమానో బీటెక్కో చేసి, రెజ్యూమెలో ప్రాజెక్టు ఏం రాయాలో తోచక కూర్చున్నారా? కంప్యూటర్ రిపేరు షాపులో మూలన పడేసిన 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఒకటి అడిగి తెచ్చుకోండి. ఇక్కడి ప్రభుత్వ ఐటీఐ తుక్కు ఇనుముతో శిల్పాలు చేసి పేరు తెచ్చుకుంది కాబట్టి, మన ఊళ్లో తుక్కు అడిగితే ఎవరూ వింతగా చూడరు.

మూత స్క్రూలకు టార్క్స్ బిట్ కావాలి, చాలావాటికి టీ8 సరిపోతుంది. ఊడదీసినా మూత రాకపోతే లేబుల్ మీద వేలితో నొక్కి చూడండి, గుంట తగిలినచోట ఇంకో స్క్రూ ఉంటుంది. లోపల ప్లాటర్ల (గుండ్రటి పళ్లేల) పక్కన తిరిగే ఆర్మే యాక్చుయేటర్. ఒక కొసన డేటా చదివి రాసే హెడ్లు, రెండో కొసన రాగి కాయిల్, మధ్యలో బేరింగు. కాయిల్‌ని కదిలించేది మాగ్నెట్. లౌడ్‌స్పీకర్‌లోనూ ఇదే సూత్రం, అందుకే దీన్ని వాయిస్ కాయిల్ మోటర్ అంటారు.

ఆ మాగ్నెట్‌ని కాస్త ఓపిగ్గా చూడాలి. పలక ఒకటే, కానీ ముఖం మీద సగం ఉత్తర ధ్రువం, సగం దక్షిణ ధ్రువం. కాయిల్ రెండు పక్కల్లో కరెంటు ఎదురెదురుగా పారుతుంది. ధ్రువం కూడా మారితేనే రెండు బలాలూ ఒకే దిక్కుకు తోస్తాయి. ఆర్మ్‌లకు చిల్లులు పెట్టింది ఇనర్షియా తగ్గడానికి. హెడ్ల వైపు బరువుకి కాయిల్ వైపు బరువు సరితూగేలా చేసింది పెట్టె అదిరినా ఆర్మ్ తనంతట తిరగకుండా. కొత్త డిస్కుల్లో ట్రాకుల మధ్య దూరం 100 నానోమీటర్లలోపే మరి.

ఇప్పుడు అసలు పని. ఆర్మ్‌ని విప్పి, వెర్నియర్‌తో కొలిచి ఫ్రీక్యాడ్‌లో మోడల్ గీయండి, ఇనర్షియా లెక్క తీయండి. కంప్యూటర్ ఇచ్చిన అంకెని అక్కడే నమ్మేయకండి. ఇరుసు నిలువుగా ఉండేలా, ఇరుసుకి అటూ ఇటూ సమదూరంలో రెండు సమానమైన దారాలు కట్టి ఆర్మ్‌ని వేలాడదీయండి. కొద్దిగా మెలితిప్పి వదిలి 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో చూడండి. ఆర్మ్ బరువు, దారాల పొడవు, వాటి మధ్య ఎడం తెలిస్తే ఇనర్షియా వచ్చేస్తుంది. రెండు అంకెలూ కలవకపోతే మంచిదే. రాగి సాంద్రత వేసి, తీగల మధ్య జిగురుని మరిచారేమో చూడండి. కదలని ఇరుసుని కూడా కలిపేశారేమో వెతకండి. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది ఆ వెతుకులాట గురించే.

ఇక ఉద్యోగాల సంగతి. మన గంజాం జిల్లాలో హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీ లేదు. తయారీలో పెద్ద వాటా థాయ్‌లాండ్‌ది. 2011 వరదల్లో అక్కడి ప్లాంట్లు మునిగితే ప్రపంచమంతటా డిస్కుల ధరలు పెరిగాయి. ల్యాప్‌టాప్‌లలోనేమో ఎస్‌ఎస్‌డీలు వచ్చేశాయి. అందుకని డిస్క్ కంపెనీ కోసమే ఎదురుచూడొద్దు. ఫోన్ కెమెరా ఫోకస్‌లోనూ, వైబ్రేషన్ టెస్టు టేబుళ్లలోనూ పనిచేసేది ఈ వాయిస్ కాయిల్ మోటరే. మెషినింగ్ చెయ్యి తిరగాలంటే భువనేశ్వర్‌లోని సెంట్రల్ టూల్ రూమ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ (సీటీటీసీ)లో కోర్సులున్నాయి.

మాగ్నెట్ల మధ్య వేలు పెట్టకండి, రక్తం వచ్చేలా నొక్కేస్తాయి. ల్యాప్‌టాప్ డిస్కుల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, వాటి ప్లాటర్లు చాలావరకు గాజువి, పగిలితే ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి. ఇక కస్టమర్ డేటా కావాలన్న డిస్క్‌ని మాత్రం షాపులో ఎంత బతిమాలినా మూత తీయకండి. హెడ్ ప్లాటర్‌కి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది, మన బజారు దుమ్ము రేణువు దానికంటే వేల రెట్లు పెద్దది. దాన్ని రికవరీ ల్యాబ్‌కే పంపించండి.