రాణిని ఎలా సాగనంపాలి?

అమ్మా,

మాది జొన్నాడ. గౌతమి ఒడ్డున నర్సరీ మొక్కల పని చేసుకుంటాను. పెళ్ళి ఊరేగింపుల్లో తిప్పిన తెల్ల గుర్రం ముసలిదై కుంటుతోందని ఎవరో హైవే పక్కన వదిలేసి పోయారు. లారీల మధ్య బెదిరిపోయి నిలబడ్డదాన్ని మెల్లగా ఇంటికి నడిపించుకొచ్చాం. మా అమ్మాయి రాణి అని పేరు పెట్టింది.

మొదట్లో బాగానే తేరుకుంది. గేటు చప్పుడైతే చాలు, సకిలించేది. ఈ వానలు మొదలైన దగ్గర్నుంచి ముందు గిట్టలు నేలకు ఆనించలేకపోతోంది. గిట్ట లోపలి ఎముక కిందికి జారిపోయిందన్నారు డాక్టరు గారు. నొప్పి మందులు వాడాం. ర్యాంపు నుంచి ఇసుక తెప్పించి మెత్తగా పరిచాం. ఇప్పుడు నలుగురం పట్టి లేపినా వణికిపోతూ మళ్ళీ కూలబడుతోంది. తుంటి మీద పుళ్ళు పడ్డాయి. ఇంజెక్షన్ ఇచ్చి బాధ తీర్చేద్దామంటున్నారు ఆయన.

మా అమ్మ ఒప్పుకోవడం లేదు. ‘‘ముసలి ఆవుని చివరిదాకా సాకలేదా? చేజేతులా ప్రాణం తీస్తే పాపం’’ అంటుంది. ఇంటర్ చదివే అమ్మాయి ఆ మాటెత్తితేనే ఏడుస్తోంది. చంపడానికేనా తెచ్చుకున్నాం అని నాకూ మనసు పీకుతోంది. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, జొన్నాడ

తమ్ముడూ,

డాక్టరు గారి మాట వినండి. ఆలస్యం చేయకండి.

ముసలి ఆవు పడుకుని నెమరేస్తూ పొద్దుపుచ్చగలదు. గుర్రం అలా బతకలేదు. అది నిలబడే కునుకు తీస్తుంది, పడుకునేది కాసేపే. మూడు నాలుగు వందల కిలోల ఒళ్ళు గంటల తరబడి నేలకానితే కింద నలిగే కండరాలకు రక్తం ఆడదు, ఊపిరి బరువవుతుంది. ఒంటి బరువులో సగానికి పైగా మోసేవి ముందు కాళ్ళే. గిట్టకూ ఎముకకూ పట్టు విడిపోయాక నిలబడటమంటే ఊడిపోతున్న గోరు మీద బరువు మోపడమే. గుర్రం అరిచి చెప్పదు. నెమ్మదిగా ఉన్నప్పుడు దాని గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. కదలకుండా పడుకుని ఉన్నప్పుడే 60 దాటుతోందంటే చాలావరకు నొప్పి వల్లే. ఇంకొక డాక్టరు చూస్తే మనసు కుదుటపడుతుందనుకుంటే 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి.

ఇక పాపం మాట. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ నయం కాని బాధతో కొట్టుకుంటుంటే గాంధీజీ డాక్టరు చేత ఇంజెక్షన్ ఇప్పించారు. అహింసావ్రతం పట్టిన మనిషి ఇలా చేయడమేమిటని ఎందరో కోపంగా ఉత్తరాలు రాశారు. ఆయన దాచుకోలేదు. బాధ తీర్చే మరో దారి లేనప్పుడు అదీ అహింసేనని తన పత్రికల్లోనే రాశారు. బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఉంటుందని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 13వ సెక్షన్ కూడా గుర్తించింది. అమ్మగారి పక్కన కూర్చుని ఈ సంగతులు చెప్పండి. వాదించకండి. మీకు కీడు తగులుతుందనే ఆవిడ భయం.

చంపడానికేనా తెచ్చాం అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యపు గుర్రాల్ని ఈజిప్టులో బండ్లకు అమ్మేశారు. 1930ల్లో కైరోలో డొరొతీ బ్రూక్ అనే ఆవిడ అలాంటివాటిని వేలల్లో వెతికి కొన్నారు. చాలావాటికి కోలుకునే ఓపిక లేదు. కడుపునిండా మేత పెట్టి, మెత్తటి పడక వేసి, నొప్పి తెలియకుండా సాగనంపారు. 1934లో ఆవిడ పెట్టిన ఆసుపత్రే నేడు మన దేశంలోనూ బండి గుర్రాల కోసం పనిచేస్తున్న బ్రూక్ సంస్థకు మొదలు. హైవే మీద దిక్కులేకుండా పోవాల్సిన రాణికి మీరు ఒక ఇల్లిచ్చారు, ఒక పేరిచ్చారు. ఇప్పుడు నొప్పి లేని చావూ ఇవ్వగలరు.

ఇంజెక్షన్‌కి ముందురోజే గొయ్యి తవ్వించండి. మన కోనసీమలో కాస్త తవ్వితే నీరూరుతుంది కాబట్టి మెరక చూసుకుని, బోరుకీ కాలవకీ దూరంగా, పంచాయతీకి చెప్పి తవ్వించండి. ఆ ఇంజెక్షన్‌లో వాడే పెంటోబార్బిటాల్ లాంటి మందు కళేబరంలో నిలిచిపోతుంది. కుక్కలు, కాకులు ముడితే చస్తాయి. గోదాట్లో మాత్రం వేయకండి.

డాక్టరు గారు ముందు మత్తిచ్చి, తర్వాత మెడ నరంలోకి మందు ఎక్కిస్తారు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి. ఒళ్ళు ఒకటి రెండుసార్లు అదరొచ్చు, ఊపిరి తీసినట్టు అనిపించొచ్చు. అప్పటికి దానికి స్పృహ ఉండదు. అమ్మాయికి ఇదంతా ముందే చెప్పి, దగ్గరుండాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి. కాలేజీకి పంపి, తను తిరిగొచ్చేసరికి అంతా ముగించకండి. అలా చేస్తే మీ మీద నమ్మకం పోతుంది.

గిట్టల జబ్బని ఇన్నాళ్ళూ గుగ్గిళ్ళు, బెల్లం మాన్పించి ఉంటారు. ఆ పొద్దున డాక్టరు గారిని అడిగి, తిన్నన్ని పెట్టండి. కాళ్ళ వైపు కాకుండా వీపు వైపు కూర్చుని తల నిమరండి. ఇంజెక్షన్ ఎవరైనా ఇవ్వగలరు. అది ఎరిగిన చెయ్యి మాత్రం మీదే, కాబట్టి మీరు పక్కకు తప్పుకోవద్దు.