మూడు షిఫ్టుల ఊళ్ళో క్రైస్తవ కాపురం

పెళ్ళి కుదిరిన జంటలకు పాస్టరుగారు చెప్పాల్సినవి చెప్పి, ఆ తర్వాత మా ఇంటికి పంపుతుంటారు. "భిలాయిలో కాపురం ఎలా ఉంటుందో అమ్మగారిని అడగండి" అంటారట. నేను బోధకురాలిని కాను. రైల్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి భార్యను, మా తెలుగు సంఘంలో స్త్రీల సమాజం పని చూస్తుంటాను. వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. వరస పెద్దగా పాటించలేదు.

1. ఎవరి వచనం వాళ్ళే చదువుకోవాలి

మా దగ్గరకొచ్చే గొడవల్లో సగానికి సగం ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం మీదే నడుస్తాయి. ఆయన 22వ వచనం ఎత్తుతాడు, భార్య లోబడాలని. ఆవిడ 25వ వచనం ఎత్తుతుంది, భర్త ప్రేమించాలని. ఇద్దరికీ ఎదుటివాళ్ళ వచనమే కంఠతా వచ్చు. దానికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడమంటుంది. పెళ్ళిలో చాలాచోట్ల దాన్ని వదిలేసి, ఆ తర్వాత నుంచి చదువుతారు. ఎందుకో నాకు తెలుసు గానీ పెద్దల్ని తప్పుపట్టడం ఇక్కడ నా పని కాదు.

పౌలు భార్యలకు చెప్పింది మూడు వచనాలు. 25 నుంచి 33 దాకా ఉన్నది దాదాపు అంతా భర్తలకే. అక్కడ పెట్టిన కొలత చిన్నది కాదు, క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు. కాబట్టి నేను పెట్టే షరతు ఇది: అబ్బాయి తన వచనాలే నేర్చుకోవాలి, అమ్మాయి తన వచనాలే నేర్చుకోవాలి. ఎదుటివాళ్ళది అప్పజెప్పకూడదు. మొదటి పేతురు మూడో అధ్యాయం ఏడో వచనం కూడా అబ్బాయిలకు చూపిస్తాను. భార్యను గౌరవించని మనిషి ప్రార్థనలకే అడ్డం పడుతుందని ఉంది అందులో. గుడిలో గొంతెత్తి ప్రార్థన చేసే మగవాళ్ళు అది చదివాక కాసేపు మాట్లాడరు.

2. సూర్యుడు ఒక్కడే, షిఫ్టులు మూడు

కోపం పొద్దుగుంకేదాకా ఉంచుకోవద్దని ఎఫెసీ నాలుగో అధ్యాయంలో ఉంది. మా ఊళ్ళో ఇది పాటించడం మహా కష్టం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన నాటి నుంచి మా భిలాయి ఉక్కు ప్లాంటుకు రాత్రీ పగలూ లేదు. ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి మళ్ళీ ఆరు. పొద్దుగుంకే వేళకు ఒకరు డ్యూటీలో ఉంటారు, లేకపోతే నైట్‌కి వెళ్ళాలని నిద్రలో ఉంటారు. రెండో షిఫ్టు చేసి పదిన్నరకు ఇల్లు చేరిన మనిషికి అన్నం, నిద్ర తప్ప ఇంకేదీ తలకెక్కదు. ఆవిడేమో పొద్దున్నుంచీ మనసులో పెట్టుకున్నదంతా చెప్పడానికి ఆ పదిన్నర కోసమే కాచుకుని ఉంటుంది.

దీనికి నాకు దొరికిన దారి అబీగయీలు. మొదటి సమూయేలు 25లో ఉంది ఆ కథ. ఇల్లంతా నాశనం కాకుండా కాపాడి ఇంటికొచ్చేసరికి భర్త నాబాలు తాగి మత్తులో ఉన్నాడు. అప్పుడామె ఒక్క మాట కూడా అనలేదు. తెల్లారి మత్తు దిగాక జరిగిందంతా చెప్పింది. అతనిలాంటి మొగుడు ఎవరికీ వద్దు గానీ, మాటకు వేళ చూసుకోవడం మాత్రం ఆమె దగ్గర నేర్చుకోవచ్చు.

మా ఇంట్లో నియమం ఇలా ఉండేది. డ్యూటీకి బయల్దేరే మనిషితో గొడవ పెట్టుకోకూడదు. వేడి ఇనుము మధ్య, క్రేన్ల కింద పనిచేసేవాడు మనసు ఇంట్లో వదిలి వెళ్తే ప్రమాదం. అలాగని మూతి బిగించుకుని కూర్చోవడమూ కుదరదు. "ఈ సంగతి నువ్వు లేచాక మాట్లాడదాం" అని వేళ చెప్పాలి, ఆ వేళకు కూర్చోవాలి. కోపం అణచుకున్నానని చెప్పుకుంటూ నాలుగు రోజులు మాట్లాడకపోవడం పౌలు చెప్పినదానికి లోబడటం కాదు. నైట్ చేసి వచ్చి పగలు పడుకునే మనిషిని బద్ధకస్తుడనుకునే అత్తలు, మామలు ఊరి నుంచి వస్తుంటారు. వాళ్ళకు సర్దిచెప్పడం కొడుకు పని, కోడలి పని కాదు.

3. ప్రార్థన చిన్నదైనా ఇద్దరూ ఉండాలి

ఇక్కడ పుట్టిన పిల్లాడికి హిందీ బైబిలే చదవడం వచ్చు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయికి తెలుగుదే వచ్చు. ఒక అధ్యాయం అతను హిందీలో చదవడం, అదే ఆమె తెలుగులో చదవడం, ఆపైన చిన్న ప్రార్థన, ఇంతే చెయ్యమంటాను. పది నిమిషాలు చాలు. వీక్లీ ఆఫ్ ఆదివారమే పడాలని లేదు గనుక గుడిలో ఇద్దరూ కలిసి కూర్చునే వారాలు తక్కువే, అందుకే ఇంట్లో ఈ పది నిమిషాలు వదులుకోకూడదు.

ఇంకొకటి, దీనికి నన్ను కొందరు విమర్శించారు కూడా. భర్తకు వారానికి ఒకే ఆఫ్. ఆ రోజే భార్యకు ఉపవాస ప్రార్థన, సాయంత్రం ఎవరింట్లోనో గృహ కూటం, రాత్రి జాగరణ. భార్య భక్తిపరురాలని పేరొస్తుంది, ఇంట్లో మనిషి మాత్రం గోడలతో మాట్లాడుకుంటాడు. ప్రార్థన కోసం దూరంగా ఉండాలన్నా ఇద్దరికీ సమ్మతమై, కొంతకాలానికే ఉండాలని మొదటి కొరింథీ ఏడో అధ్యాయం చెబుతోంది. ఉపవాసానికి భర్త అనుమతి తీసుకోమనడం లేదు, ఇద్దరూ కూర్చుని రోజు నిర్ణయించుకోమంటున్నాను.

4. డబ్బు

ముందు కట్నం. 1961 నుంచి చట్టం వద్దంటోంది, అయినా పెళ్ళిచూపులు ప్రార్థనతో మొదలుపెట్టి లెక్కతో ముగించే క్రైస్తవ కుటుంబాలు మనలో ఉన్నాయి. ప్లాంటు ఉద్యోగానికి ఒక రేటు, హైదరాబాదు సాఫ్ట్‌వేర్‌కి ఒక రేటు. ఈ పాపానికి నా దగ్గర ఓదార్పు మాట లేదు.

తర్వాత, ఊరికి పంపే డబ్బు. మా తరంలో జీతం రాగానే మనీయార్డరు వెళ్ళేది, ఇప్పుడు ఫోన్‌లో వెళ్తోంది, గొడవ మాత్రం మారలేదు. ఆదికాండం 2:24 ప్రకారం పురుషుడు తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకోవాలి. మార్కు ఏడులోనేమో, దేవుడికి కొర్బాను ఇచ్చేశామని చెప్పి తల్లిదండ్రులకు చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్ళను యేసు మందలించాడు. రెండూ బైబిల్లోనివే. కాబట్టి పంపాలా వద్దా అని కాదు, ఎంత అనేదే ప్రశ్న, అది భార్యకు తెలిసి జరగాలి. సొసైటీ లోను తీసుకున్న సంగతి భార్యకు జీతం చీటీలో కోతలు చూసి తెలియకూడదు.

అత్తామామల మాట వచ్చింది గనుక చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో రూతు చేసిన ప్రమాణం చదువుతుంటారు, నువ్వెక్కడికి వెళ్తే నేనూ అక్కడికే అని. ఆమె ఆ మాట అన్నది భర్తతో కాదు, అత్త నయోమితో. నయోమి లాంటి అత్త ఉంటే కోడలు ఆ మాట అంటుంది.

5. బాప్తిస్మం సంగతి పెళ్ళికి ముందే తేల్చుకోండి

భిలాయి తెలుగు క్రైస్తవులం ఒక మిషన్ వాళ్ళం కాము. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు వాళ్ళు కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు నాటిన సంఘాల బిడ్డలు. గుంటూరు వాళ్ళు లూథరన్లు, 1842లో హేయర్ దొరగారు మొదలుపెట్టిన పని వాళ్ళది. ఒంగోలు వైపు వాళ్ళు 1878లో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందిన సంగతి నిన్నగాక మొన్న జరిగినట్టు చెబుతారు. ఇక్కడికొచ్చాక అందరం ఒకే గుడిలో కూర్చుంటాం, పిల్లలు ప్రేమించుకుంటారు, పెళ్ళీ అవుతుంది. ఏడాది తిరిగేసరికి చేతిలో పసిబిడ్డ. లూథరన్ అమ్మమ్మ బిడ్డకు బాప్తిస్మం ఎప్పుడని అడుగుతుంది. బాప్టిస్టు తాత పెద్దయ్యాక, నమ్మాక, నీళ్ళలో మునిగాకే అంటాడు. ఇద్దరూ వచనాలు చూపిస్తారు. బాలింతరాలు ఏడుస్తుంది.

నిశ్చితార్థంలో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. మెనూ గురించి మాత్రం గంటసేపు మాట్లాడతారు. గుడిలో మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన చదివేలోపు ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. తేలినది రెండు కుటుంబాలకూ ఇద్దరూ కలిసి చెప్పాలి. ఏ పద్ధతి సరైనదని నన్ను అడుగుతారు. నేను బాప్టిస్టును, నా జవాబు వాళ్ళకు తెలుసు. కానీ బిడ్డ తల్లిదండ్రులు వాళ్ళు, నేను కాదు.

6. చెయ్యి చేసుకుంటే

"ప్రార్థన చెయ్యమ్మా, దేవుడు మారుస్తాడు" అని దెబ్బలు తిన్న పిల్లను తిరిగి అదే ఇంటికి పంపే పెద్దలతో నాకు పొసగదు. ప్రార్థన చేద్దాం, తప్పకుండా. కానీ ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో ముందు చూడాలి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయవచ్చు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఉంటున్న ఇంట్లోనే ఉండే హక్కు ఇస్తుంది. హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో దేశంలోనే మొదటిది 2015లో పక్కనున్న రాయపూర్‌లోనే తెరిచారు.

విడాకుల మాట గుడిలో ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చదు. కానీ 1869 నాటి పాత చట్టం కింద క్రైస్తవ భార్యకు భర్త క్రూరత్వం ఒక్కటీ విడాకులకు చాలేది కాదు, 2001లో సవరించాకే ఆ తలుపు తెరుచుకుంది. ఆ తలుపు ఉండటం మంచిదే. విడాకులను దేవుడు ద్వేషిస్తాడని చూపించే మలాకీ రెండో అధ్యాయంలోనే, ఆ 16వ వచనంలోనే, బలాత్కారం మీద కూడా మాట ఉంది. మొదటి సగం చదివి ఆపేసేవాళ్ళు రెండో సగం కూడా చదవాలి.

7. ఎవరికి చెప్పాలి

మత్తయి 18లో వరస ఉంది: ముందు ఒంటరిగా ఆ మనిషికే చెప్పు, తర్వాత ఒకరిద్దరిని తీసుకెళ్ళు, ఆ తర్వాతే సంఘం. మనం తలకిందులు చేస్తాం. ముందు అమ్మకు ఫోన్, తర్వాత స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో "ప్రార్థించండి" అని రెండు ముక్కలు, చివరికి ఆయనకు. అప్పటికి సెక్టారంతా ప్రార్థిస్తూ ఉంటుంది. దెబ్బల విషయంలో మాత్రం ఈ వరస చూడొద్దు, ఎవరు దగ్గరుంటే వాళ్ళకు చెప్పండి.

8. అరవై దాటాక

కుర్రజంటలు ఈ పాఠం వినరు, అయినా రాస్తున్నాను. అరవైకి రిటైర్మెంట్. అంతవరకు మూడు షిఫ్టుల పుణ్యమా అని రోజులో కొన్ని గంటలే కలిసి ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఇరవైనాలుగు గంటలూ ఎదురుబొదురు కూర్చుంటారు. ఆయన వంటింట్లోకి వచ్చి పప్పు డబ్బాల మీద పేర్లు అంటించడం మొదలుపెడతాడు. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో. క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఆయనకు విశాఖ వెళ్ళిపోవాలని, ఆవిడకు గుడి, స్నేహితులు, సెక్టార్ 9 ఆసుపత్రి ఉన్న ఇక్కడే ఉండాలని. చాలా ఇళ్ళలో ఈ సంగతి రిటైర్మెంట్ ఆర్డరు చేతికొచ్చాకే బయటపడుతుంది.

అకుల, ప్రిస్కిల్లలను చూడండి. రోము నుంచి వెళ్ళగొడితే కొరింథు, అక్కడి నుంచి ఎఫెసు. ఏ ఊరు వెళ్ళినా గుడారాలు కుట్టే పని ఇద్దరిదీ, ఇంట్లో సంఘం ఇద్దరిదీ. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి పెట్టుకోవాలి. మా ఇద్దరికీ అది ఆదివారం బడి. ఆయన పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దిస్తాడు, నేను కథలు చెబుతాను. ఇల్లు ఎక్కడ కట్టాలన్న చర్చ మాత్రం యాభై అయిదేళ్ళకే మొదలుపెట్టండి. మాకు రెండేళ్ళు పట్టింది, చివరికి ఇక్కడే, భిలాయి ఖుర్సీపార్‌లో తేలింది.